పెద్దకూర నూడుల్స్‌ని మటన్ నూడుల్స్ అని ఎందుకు చెప్పాలి?

ఈసారి వంట గురించే రాస్తున్నాను కానీ, గొడవ పెట్టుకోవడానికి రాస్తున్నాను. ముందే చెప్పేస్తే ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

నెలలో రెండు మూడు బుధవారాలు రాత్రిపూట మా ఇంట్లో పెద్దకూర నూడుల్స్. బుధవారమే ఎందుకంటే ఆరోజు పిల్లలిద్దరూ ట్యూషన్ నుంచి వచ్చేసరికి ఏడున్నర దాటుతుంది, మా ఆయన ఎనిమిదికి వస్తాడు. అన్నం, పప్పు, వేపుడు, చారు అని నాలుగు గిన్నెలు పొయ్యెక్కించే ఓపిక వారం మధ్యలో నాకుండదు. ఒక మూకుడు, నూడుల్స్ ఉడకబెట్టుకోవడానికి ఒక గిన్నె, అంతే. ముక్కలు ముందే తరిగి ఉంచుకుంటే అరగంటలో అందరూ తింటూ ఉంటారు. తోమాల్సినవి కూడా తక్కువ. ఈ చివరి మాట విలువ సింకు దగ్గర నిలబడేవాళ్ళకే తెలుసు.

ఇందులో గొడవేముంది అంటారా? ఈ వంటకి మా ఇంటి గడప దాటగానే పేరు మారిపోవాలట. బయట దీన్ని మటన్ నూడుల్స్ అనాలట. ఈ మాట చెప్పింది ఎవరో పైవాళ్ళు కాదు. మా వాళ్ళే. ఆదివారం చర్చి నుంచి రాగానే పెద్దకూర కుక్కర్ ఎక్కించేవాళ్ళే.

మొన్న వేసవి సెలవుల్లో మా వదిన వచ్చింది. మా ఆయనకి అక్క. మంచి మనిషి, నా మీద ప్రేమ ఉన్న మనిషి. ఆరో తరగతి చదువుతున్న మా పెద్దది ఫోన్‌లో స్నేహితురాలితో ముచ్చట్లాడుతూ, రాత్రి ఏం తిన్నారంటే బీఫ్ నూడుల్స్ అని చెప్పింది. వదిన గబుక్కున చెయ్యి అడ్డం పెట్టి, "మటన్ అని చెప్పవే, పరువు పోద్ది" అంది. పిల్ల ఫోన్ పెట్టేసి నా దగ్గరికొచ్చి అడిగింది: "అమ్మా, పరువు అంటే ఏంటి?"

పదకొండేళ్ళ పిల్లకి ఆ మాటకి అర్థం రాత్రి తిన్న కూరతో కలిపి చెప్పాల్సి రావడం నాకు ఒళ్ళు మండించింది. వదినతో ఆ రాత్రి పెద్దగా వాదించలేదు, వాదించినదాంట్లో మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ చదువుతుందని తెలుసు. చదువు వదినా.

మొదట ఆవిడ వైపు న్యాయం చెప్పాలి. మన దేశంలో ఈ మాంసం పేరు చెప్పి మనుషుల్ని చంపారు. 2015లో దాద్రి దగ్గర ఒక ఊళ్ళో మహమ్మద్ అఖ్లాక్‌ని ఇంట్లోంచి లాగి కొట్టి చంపింది ఫ్రిజ్‌లో ఏ మాంసం ఉందన్న అనుమానంతోనే. రైల్లో పక్కసీటాయన "డబ్బాలో ఏంటమ్మా" అంటే నేను కూడా "కూరండీ" అని ఊరుకుంటాను. నా పిల్లల్ని కూడా అలాగే ఊరుకోమంటాను. భయపడేవాళ్ళని పిరికివాళ్ళనే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు.

అయితే భయం వేరు, సిగ్గు వేరు. ఫోన్‌కి అవతలవైపున్న ఆ స్నేహితురాలి వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి కాఫీ తాగే మనిషి. ఆవిడ వల్ల మాకు ప్రమాదమేమీ లేదు. వదిన భయపడింది దెబ్బలకి కాదు, ఆవిడ మనసులో మన స్థానం ఒక మెట్టు దిగుతుందేమోనని. మటన్ తింటే ఒక రకం మనుషులం, పెద్దకూర తింటే ఇంకో రకం. ఆ మెట్లు కట్టింది మనం కాదు. వాటిని రోజూ ఊడ్చి ముగ్గేసి కాపాడుతున్నది మాత్రం మనమే. భయం ఉన్నచోట నోరు మూసుకోవచ్చు. సిగ్గుతో పిల్లకి అబద్ధం నేర్పితే ఆ పిల్ల నేర్చుకునేది ఒక్క అబద్ధమే కాదు, అమ్మ చేతి వంట దాచాల్సిన వస్తువు అని కూడా నేర్చుకుంటుంది. అమ్మమ్మ చేతిది అసలు ఎత్తకూడదని కూడా.

మా అమ్మమ్మ సంగతి చెప్తాను. మాది గుంటూరు జిల్లాలో మాలపల్లె. అక్కడ దీన్ని గొడ్డు మాంసం అనేవాళ్ళం, దాచి అనేవాళ్ళం కాదు. ఎక్కువ వచ్చినప్పుడు సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పు పసుపు పట్టించి, తాడు మీద బట్టలారేసినట్టు ఆరేసేవాళ్ళు. ఎండిన తునకల్ని వానాకాలంలో గోంగూరలోనో దోసకాయలోనో వేసి వండితే ఇల్లంతా ఆ వాసనే. కూలి దొరకని రోజుల్లో ఆ తునకలే ఇంటికి బలం. మా అమ్మమ్మ ఫ్రిజ్ చూడలేదు కానీ మాంసం నిలవ చెయ్యడం, గట్టి ముక్కని మెత్తగా చెయ్యడం ఆవిడకి తెలిసినట్టు నాకీనాటికీ తెలీదు. ఆ విద్య ఏ వంటల పుస్తకంలోకైనా ఎక్కిందా? మరాఠీలో షాహూ పటోళే అనే రచయిత దళితుల ఇళ్ళలోని వంటల మీద పుస్తకం రాస్తే, 2024లో అది ఇంగ్లీషులోకి కూడా వచ్చింది. మనం మాత్రం ఫోన్‌లో మటన్ అంటున్నాం.

ఇక పేర్ల సంగతి. హైదరాబాదులో ఉంటూ నేను చూసిన వింత ఇది. తెలంగాణలో పెద్దకూర, పాతబస్తీలో బడే కా గోష్త్. రెండిట్లోనూ "పెద్ద" ఉంది, చిన్నజీవం కాదు పెద్దజీవం అని. ఈ పేరుతో అంటే ముక్కు చిట్లిస్తారు. అదే మాంసం ఏసీ హోటల్లో టెండర్‌లాయిన్ అయితే, మెనూలో "ఏషియన్ స్టైల్" అని పక్కన రాస్తే, నల్ల గిన్నెలో పోసి రెండు పుల్లలు పెడితే, ఫొటో తీసి పెట్టుకుంటారు. మా బంధువుల్లోనే ఒకబ్బాయి ఊళ్ళో పెద్దకూర వండితే "నేను మానేశానత్తా" అంటాడు. ఆఫీసువాళ్ళతో వెళ్ళి తిన్న బీఫ్ రామెన్ ఫొటో మాత్రం స్టేటస్‌లో పెడతాడు. కాబట్టి మాంసంలో తప్పేమీ లేదన్నమాట. తెలుగులో పిలిస్తేనే తప్పు.

ఏషియన్ అంటే నాకింకో నవ్వు. గుంటూరు ఏ ఖండంలో ఉందంటారు? సరే, సోయా సాస్ వేస్తే ఏషియన్, చింతపండు వేస్తే కాదు అనుకుందాం. మన మంచూరియాకీ మంచూరియా ప్రాంతానికీ సంబంధమే లేదు, మన దేశంలో పుట్టిన వంట అది. ఇవన్నీ పెద్దగా పట్టించుకోవాల్సినవి కావు.

పట్టించుకోవాల్సింది ఆ దేశాల కథ. ఈ నూడుల్స్ చెయ్యడం మొదలుపెట్టాక ఊరికే కుతూహలం కొద్దీ చదివాను. జపాన్‌లో 675లో తెన్ము చక్రవర్తి వ్యవసాయం నడిచే నెలల్లో ఎద్దు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలు తినకూడదని శాసనం చేశాడు. ఆ తర్వాత వందల ఏళ్ళపాటు మాంసం తినడం అక్కడ తలవంపుల పని. మరి తిననివాళ్ళు ఎవరూ లేరా అంటే, తిన్నారు, పేర్లు మార్చి తిన్నారు. గుర్రం మాంసాన్ని సాకురా పువ్వన్నారు. అడవిపందిని బోతాన్ పువ్వన్నారు. దుప్పి మాంసాన్ని ఎర్రబడిన మేపుల్ ఆకన్నారు. మా వదిన మటన్ అన్నట్టే! చివరికి 1872లో మెయిజీ చక్రవర్తి తాను పశుమాంసం తిన్నట్టు లోకానికి తెలియనిచ్చాడు. ఇవాళ అన్నం మీద సన్నటి బీఫ్ ముక్కలు వేసిచ్చే గ్యూదోన్ అక్కడ ఆఫీసుకెళ్ళేవాళ్ళ మామూలు భోజనం.

తైవాన్‌లో రైతులు పొలం దున్నే పశువుని తినకూడదని నమ్మేవాళ్ళు. చాకిరీ చేసిన జీవం మీద కృతజ్ఞత అది, నాకు దానిమీద గౌరవమే ఉంది. 1949 తర్వాత చైనా నుంచి వచ్చిపడ్డ సైనికుల కుటుంబాలతో బీఫ్ నూడుల్స్ సూప్ అక్కడ పాకింది. ఇప్పుడు తైవాన్ అంటే ముందు ఆ సూపే చెప్తారు. ఇప్పటికీ తిననివాళ్ళు తినరు, తినేవాళ్ళు తింటారు. చైనాలో లాంజౌ నూడుల్స్ పేరుపడింది హుయ్ ముస్లింల చేతిమీద, పొద్దున్నే ఫలహారంగా. అంటే మనం ఫొటో తీసుకునే ఆ గిన్నె వెనకాల కూడా మనలాంటి గొడవలే ఉన్నాయి. రైతులు, సైనికులు, ముస్లింలు, పువ్వుల పేర్లు.

ఇంకోటి. ప్రపంచంలో గేదె మాంసాన్ని ఎక్కువగా ఎగుమతి చేసే దేశాల్లో మనది ముందుంటుంది. వియత్నాం, మలేషియా, ఇండోనేషియా, ఈజిప్టు కొంటాయి. ఓడలో వెళ్తే విదేశీ మారకం, సంచిలో ఇంటికొస్తే పరువు తక్కువ.

చట్టం గురించి అడిగేవాళ్ళుంటారు కాబట్టి: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చిన చట్టం గోవధని నిషేధించింది. గేదె, దున్న లాంటి వాటిని అధికారి ఇచ్చే ధ్రువపత్రంతో కోయవచ్చు. నేను కొనేది అదే. మా వీధి చివరి కొట్టతను పదిహేనేళ్ళుగా అక్కడే అమ్ముతున్నాడు.

ఇప్పుడు వంట. గొడవలో పడి ఇది మర్చిపోతే పాపం.

నలుగురికి అరకిలో, ఎముకలేనిది. అండర్‌కట్ దొరికితే అదృష్టం, అది చాలావరకు హోటళ్ళకే పోతుంది. తొడ భాగం చాలు. గేదె మాంసం ముదురు ఎరుపు, కొవ్వు తక్కువ, అందుకే తేడా చేస్తే చెప్పు తోలులా అవుతుంది. ముద్దని ముప్పావుగంట ఫ్రీజర్‌లో పెడితే కొంచెం బిగుస్తుంది, అప్పుడు కత్తికి లొంగుతుంది. కండలో పోగులు ఎటు పోతున్నాయో చూసి వాటికి అడ్డంగా, వీలైనంత పల్చగా కోయాలి. ఇదొక్కటే అసలు రహస్యం. పోగుల వెంట కోశారా, ఎంతసేపు నమిలినా దారమే.

ముక్కలకి అర టీస్పూను వంటసోడా పట్టించి పావుగంట ఉంచి, రెండుసార్లు కడిగి గట్టిగా పిండెయ్యాలి. సోడా ఎక్కువైనా, సరిగా కడక్కపోయినా సబ్బు రుచి వస్తుంది. తర్వాత ఒక చెంచా సోయా సాస్, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్, మిరియాల పొడి, చెంచా నూనె కలిపి పక్కన పెట్టుకోండి. ఈలోగా హక్కా నూడుల్స్ రెండు పొట్లాలు కాస్త పలుకు ఉండగానే దించి చన్నీళ్ళలో వేసి వార్చేయాలి.

ఇనప మూకుడు పొగ వచ్చేదాకా కాలనిచ్చి నూనె పోసి, ముక్కల్ని రెండు విడతలుగా వెయ్యండి. అన్నీ ఒకేసారి వేస్తే నీరూరి ఉడుకుతాయి, వేగవు. ఒక్కో విడత రెండు మూడు నిమిషాలు. తీసేసి అదే మూకుట్లో పది వెల్లుల్లి రెబ్బలు, అల్లం తురుము, చీల్చిన పచ్చిమిర్చి, తర్వాత క్యారెట్, క్యాబేజీ, క్యాప్సికం. పెద్దమంట మీద రెండు నిమిషాలు. నూడుల్స్, ముక్కలు, రెండు చెంచాల సోయా సాస్, చెంచా వెనిగర్, గోళీకాయంత బెల్లం. పైన ఉల్లికాడలు. మా చిన్నోడికి కారం తగ్గించాలి కాబట్టి వాడి వాటా ముందే తీసి, మిగతాదాంట్లో ఎండుమిర్చి కచ్చాపచ్చాగా దంచి వేస్తాను. ఇది జపానూ కాదు చైనా కాదు, మా వంట.

కోసే తీరిక లేని రోజున ఖీమా తెచ్చేయండి, సోడా పనే ఉండదు. డబ్బు సంగతి కూడా చెప్పాలి కదా. మటన్ ధరలో సగం కూడా పెట్టక్కర్లేదు. ఎదిగే పిల్లలున్న ఇంట్లో, ఒక జీతం మీద నడిచే ఇంట్లో, కడుపునిండా మాంసం పెట్టగలగడం చిన్న విషయం కాదు. వారమంతా తినమని నేనూ అనను, ఎర్రమాంసం మితంగా తినమనే డాక్టర్లంతా చెప్తారు. నూడుల్స్ మైదా కదా అని కూడా ఎవరో అంటారు. అవును, మైదానే. అందుకే రోజూ చెయ్యను.

"ఎందుకమ్మా రెచ్చగొట్టడం, తినేది తిని ఊరుకోవచ్చుగా" అనేవాళ్ళకి నా జవాబు ఇది. ఎవరేం తిన్నారో ఊరంతా చాటమని నేనడగడం లేదు. అడిగినప్పుడు అబద్ధం చెప్పొద్దంటున్నాను. మా పై ఇంటావిడ శాకాహారి. నేనేం వండుతానో ఆవిడకి తెలుసు. మా ఇంట్లో కాఫీ తాగుతుంది, భోజనం చెయ్యదు, నేను బలవంతపెట్టను. బుధవారం వంటింటి వెనక కిటికీ తీసి, ఆవిడ బాల్కనీ వైపుది మూస్తాను. అది మర్యాద. ఆవిడకి మటన్ అని చెప్పి ఉంటే అది మర్యాద కాదు, మోసం. ఇంకా ఆలోచించండి: మటన్ తింటూ ఇది ముట్టనివాళ్ళు ఎంతమంది లేరు? మీరు మటనని చెప్పుకునే కూర మీ ఇంటికొచ్చిన పిల్ల ఒకరోజు అడిగి వడ్డించుకుంటే ఏం చేస్తారు? ఆ పిల్ల నమ్మకం మీ పరువు కంటే తక్కువదా? మనది నిజం చెప్తేనే ఎదుటివాళ్ళ పట్టింపుని కాపాడగలం.

అద్దె ఇళ్ళ సంగతి నాకు తెలుసు. ఇప్పుడున్న ఇంటికి ముందు ఒకచోట ఓనరు గారు "నాన్‌వెజ్ పర్లేదమ్మా, ఆ ఒక్కటి మాత్రం వద్దు" అన్నారు. ఆ ఒక్కటి! పేరు పలకడం కూడా ఇష్టం లేదు. ఇల్లు బాగుంది, నీళ్ళు బాగున్నాయి. మా ఆయన నా మొహం చూశాడు, నేను చెప్పులేసుకున్నాను. అందరికీ అలా లేచి రావడం కుదరదని తెలుసు. బడి దగ్గర, ఆఫీసు దగ్గర అని సర్దుకునేవాళ్ళని నేనేమీ అనను. సర్దుకోండి, ఆ ఇంట్లో వండకండి. కానీ ఆ ఓనరు మాటే మీ పిల్లలకి మీ నోటితో చెప్పకండి.

అటువైపు వాళ్ళకీ ఒక మాట. 2012లో ఉస్మానియాలో పిల్లలు బీఫ్ పండగ చేశారు, పెద్ద గొడవైంది. ఆ రోజు అది చెయ్యాల్సిందే, ఆ పిల్లల ధైర్యానికి నేను దణ్ణం పెడతాను. ఆ తర్వాత నేను విన్న ఉపన్యాసాల్లోనే నాకు చిరాకు. బీఫ్ మా సంస్కృతి అని మైకులో గర్జించే అన్నయ్యలు ఇంట్లో కూర ఉడికిందా లేదా అని కుక్కర్ మూత తీసి చూసిన పాపాన పోరు. పేగులు కడిగేది, తునకలు ఆరేసేది, వాసనొస్తుందని పక్కింటివాళ్ళతో మాట పడేది ఆడవాళ్ళు. మీ సంస్కృతి మా వంటింట్లో ఉంది, ఒకసారొచ్చి ఉల్లికాడలు తరగండి. మా ఆయన ఇప్పుడు పోగులకి అడ్డంగా కొయ్యడం నేర్చుకున్నాడు. పల్చగా మాత్రం ఇంకా రావడం లేదు.

పరువంటే ఏంటని అడిగిన మా పెద్దదానికి నేను చెప్పిందేమిటంటే, "ఎదుటివాళ్ళు నీ గురించి ఏమనుకుంటారోనని పెద్దవాళ్ళు పడే దిగులు" అని. అది కాసేపాలోచించి, "మరి వాళ్ళు కూడా అలాగే అనుకుంటారా?" అంది. ఏమో, అడిగి చూడమన్నాను.

రాత్రి మిగిలిన నూడుల్స్ పొద్దున బడి డబ్బాలోకి పెట్టను. వాళ్ళ బడిలో మాంసాహారం తేకూడదని రూలుంది, గుడ్డు కూడా వద్దట. ఆ రూలు మీద నా అభిప్రాయం ఇంకోరోజు. గురువారం డబ్బాలో నిమ్మకాయ పులిహోరే ఉంటుంది. రాత్రేం తిన్నారని ఎవరైనా అడిగితే మాత్రం మా పిల్లలు ఏం తిన్నారో అదే చెప్తారు. వదినా, ఈసారి దసరాకి వచ్చినప్పుడు బుధవారం దాకా ఉండు, నీ వాటాలో కారం ఎక్కువేస్తాను.